పిలిచే అక్షరం, చెప్పే అక్షరం

ఒకప్పుడు దుకాణానికి బోర్డు కావాలంటే ఊళ్లో బోర్డు ఆర్టిస్టు దగ్గరికి వెళ్లేవాళ్లం. శుభలేఖ కావాలంటే ప్రెస్సుకి వెళ్లేవాళ్లం. ఏ మాట పెద్దగా రాయాలి, ఏది చిన్నగా రాయాలి, ఎక్కడ వంపు తిప్పాలి అన్నది వాళ్లే చూసుకునేవారు. ఇప్పుడు ఆ నిర్ణయం మన చేతికొచ్చింది. పాప బారసాల పిలుపు, ఇంట్లో మొదలుపెట్టిన పచ్చళ్ల వ్యాపారం లేబులు, అపార్ట్‌మెంట్‌లో నీళ్లు రావన్న నోటీసు, బడి వార్షికోత్సవం కరపత్రం, అన్నీ ఫోన్‌లోనే మనమే తయారుచేసుకుంటున్నాం.

ఫాంట్ల జాబితా తెరవగానే చాలామంది వేలు ఒకే రకం మీద ఆగుతుంది. బొద్దుగా, గుండ్రంగా, కాస్త ఒరిగి, ఎవరో సరదాగా కుంచెతో గీసినట్టుండే అక్షరం అది. ఆ ఇష్టంలో తప్పేమీ లేదు. చేతి కదలిక కనబడే అక్షరంలో మనిషి ఉంటాడు. మనకు మనిషి కావాలి.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. అల్లరి అక్షరం మనిషిని పిలవడానికి పుట్టింది. పిలిచాక చెప్పాల్సిన సంగతిని మామూలు అక్షరానికి అప్పగించాలి. ఈ తేడా పట్టుబడితే డిజైన్ చదువుకోనివాళ్లు కూడా చూడగానే ఆకట్టుకునే, చదివితే అర్థమయ్యే పని చేయగలరు.

అల్లరి ఎక్కడి నుంచి వస్తుంది?

అచ్చులో పుస్తకం చదువుతున్నప్పుడు అక్షరాలన్నీ ఒకే గీత మీద, ఒకే లావులో, ఒకే ఎత్తులో నడుస్తాయి. చేతితో గీసినట్టుండే శీర్షిక అక్షరాలు ఆ క్రమశిక్షణను కావాలనే సడలిస్తాయి. ఒక అక్షరం కొద్దిగా పైకి లేస్తుంది, పక్కది కిందికి దిగుతుంది. గీత మొదట్లో లావుగా ఉండి చివర సన్నబడుతుంది. మూలలు గుండ్రంగా తిరుగుతాయి. దీర్ఘం కాస్త ఎక్కువ సాగుతుంది. కొమ్ము తోకలా మెలిక తిరుగుతుంది. ఇవన్నీ కలిసినప్పుడు కాగితం మీద నడక కనిపిస్తుంది, ఒక గొంతు వినిపిస్తుంది.

ఆ సడలింపుకు ఖరీదు కూడా ఉంది. చదివేటప్పుడు మన కన్ను అక్షరం అక్షరం కూడబలుక్కోదు. మాటల గుంపుల మీదుగా గెంతుతూ పోతుంది. అక్షరాలు క్రమంగా ఉంటే ఆ గెంతు సాఫీగా సాగుతుంది. ప్రతి అక్షరమూ నన్ను చూడు అంటుంటే కన్ను ఆగి ఆగి నడవాలి. రెండు మూడు మాటలకు ఆ ఆగడం ఆనందంగానే ఉంటుంది. రెండు మూడు పేరాలకు అలసట మిగులుతుంది.

ఇంకో కారణం ఫాంట్ తయారయ్యే తీరులోనే ఉంది. నిజంగా చేత్తో రాస్తే ఒకే అక్షరం రెండుసార్లు అచ్చు గుద్దినట్టు పడదు. ఫాంట్‌లో మాత్రం 'మ' ఎన్నిసార్లు కొట్టినా అదే వంపు, అదే ఒరుగు. కొందరు డిజైనర్లు ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి అవి మారుతూ పడేలా ఏర్పాటు చేస్తారు గానీ అన్ని ఫాంట్లలో ఆ సదుపాయం ఉండదు. 'అమ్మమ్మ వంట' అన్న ఐదు అక్షరాల్లో ఈ సంగతి ఎవరూ గమనించరు. అదే ఫాంట్‌లో పది వాక్యాలు పేర్చండి. ఒకే మెలిక పదిహేనుసార్లు తిరిగి కనిపిస్తుంది, చేతిరాత అన్న నమ్మకం సడలిపోతుంది. అల్లరి అక్షరం తక్కువ మాటల్లోనే బతుకుతుందనడానికి అసలు కారణం ఇది.

రెండు గొంతులు

పెళ్లింటి గుమ్మంలో నిలబడి చేతులు చాపి 'రండి, రండి' అనే బాబాయి గొంతు ఒకటి ఉంటుంది. లోపల భోజనాలు ఎటువైపు, ముహూర్తం ఎన్నింటికి, బస్సు ఎప్పుడు బయల్దేరుతుంది అని నిదానంగా చెప్పే పెద్దమ్మ గొంతు ఇంకొకటి. పెళ్లికి ఇద్దరూ కావాలి. మీరు తయారుచేసే ప్రతి కాగితంలోనూ ఈ రెండు పనులే ఉంటాయి. ముందు పిలవాలి, తరవాత చెప్పాలి.

పిలుపులో పేరు, పండగ, పదార్థం, ఒక ఆహ్వానపు మాట ఉంటాయి. చెప్పడంలో తేదీ, చిరునామా, ధర, ఫోన్ నంబరు, షరతులు, జాగ్రత్తలు ఉంటాయి. పిలుపు తప్పు చదివితే నష్టం పెద్దగా ఉండదు. తేదీ తప్పు చదివితే ఆ కుటుంబం పెళ్లికి రాదు. అందుకని పని మొదలుపెట్టే ముందు కాగితం మీద ఉండాల్సిన మాటలన్నీ రాసుకోండి. ప్రతి మాట పక్కన 'పిలుపు' లేదా 'సంగతి' అని గుర్తు పెట్టండి. పిలుపు అన్న గుర్తున్న మాటలు మొత్తం మీద ఐదారుకు మించితే వాటిలో కొన్ని నిజానికి సంగతులే. మళ్లీ చూడండి.

ఒక కుక్క మాటల కోసం పుట్టిన ఫాంట్

ప్రపంచంలో మెప్పు, తిట్లు రెండూ బాగా అందుకున్న సరదా ఫాంట్ కామిక్ శాన్స్. దాని కథ తెలుసుకుంటే మన పాఠం సగం పూర్తవుతుంది.

1994లో మైక్రోసాఫ్ట్‌లో అక్షరాల విభాగంలో పనిచేస్తున్న విన్సెంట్ కొనేర్, 'మైక్రోసాఫ్ట్ బాబ్' అనే కొత్త సాఫ్ట్‌వేర్ నమూనా చూశాడు. కంప్యూటర్ అంటే భయపడేవాళ్లకు దారి చూపించడానికి అందులో రోవర్ అనే బొమ్మ కుక్క ఉండేది. దాని మాటలు కామిక్ బుడగల్లో కనిపించేవి. ఆ మాటలకు వాడిన ఫాంట్ టైమ్స్ న్యూ రోమన్. దినపత్రిక కోసం పుట్టిన గంభీరమైన అక్షరం బొమ్మ కుక్క నోట్లో అతకలేదని కొనేర్‌కు అనిపించింది. దగ్గరున్న 'వాచ్‌మెన్', 'ది డార్క్ నైట్ రిటర్న్స్' కామిక్ పుస్తకాల్లో చేత్తో రాసిన సంభాషణలు చూసి, ఆ తీరులో కొత్త అక్షరాలు గీశాడు.

ఆ అక్షరాలు 'బాబ్'లోకి వెళ్లలేదు. బుడగల కొలతలన్నీ పాత ఫాంట్‌కు సరిపోయేలా అప్పటికే తయారై ఉన్నాయి. తరవాత పిల్లల సాఫ్ట్‌వేర్ 'త్రీడీ మూవీ మేకర్'లో వాటికి చోటు దొరికింది. విండోస్ 95తో వచ్చిన ప్లస్ ప్యాక్‌లో చేరాక లక్షల కంప్యూటర్లకు చేరాయి. అక్కడి నుంచి ఆఫీసు మెమోలు, ఆసుపత్రి సూచనలు, హెచ్చరిక బోర్డులు, ఎక్కడ చూసినా అదే. డిజైనర్లకు విసుగు పుట్టి, దాన్ని నిషేధించాలని అమెరికాలో ఒక ఉద్యమమే నడిచింది. 2012 జులై 4న భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లో హిగ్స్ బోసాన్ అనే కణం జాడ దొరికిందన్న ప్రకటన రోజున, అట్లాస్ ప్రయోగ బృందం తరఫున ఫాబియోలా జానోట్టి చూపిన స్లైడ్లు కామిక్ శాన్స్‌లో ఉన్నాయి. ఆ రోజు భౌతికశాస్త్రంతో పాటు ఫాంట్ గురించి కూడా ప్రపంచమంతా మాట్లాడుకుంది.

ఇందులో ఫాంట్ చేసిన నేరం ఏమీ లేదు. చదవడంలో ఇబ్బంది పడే డిస్లెక్సియా ఉన్నవాళ్లకు తేలిగ్గా ఉండే ఫాంట్ల జాబితాలో బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ కామిక్ శాన్స్‌నూ చేర్చింది. పిల్లల తరగతి గది గోడ మీద, బొమ్మ కుక్క బుడగలో అది చక్కగా ఒదుగుతుంది. అన్ని చోట్లా అదే గొంతుతో మాట్లాడించడం వల్లే దానికి చెడ్డపేరు వచ్చింది. ఫాంట్ నచ్చకపోతే ముందు అది ఎక్కడ నిలబడి ఉందో చూడండి. తరచూ చోటే తప్పయి ఉంటుంది.

మన చేతి వంపు

తెలుగువాళ్లకు సరదా అక్షరం అనగానే ముందు గుర్తొచ్చేది బాపు. 1933లో నరసాపురంలో పుట్టి, 2014లో చెన్నైలో కన్నుమూసిన సత్తిరాజు లక్ష్మీనారాయణ గారు బొమ్మ గీసిన చేత్తోనే అక్షరమూ గీశారు. అందుకే ఆయన ముఖచిత్రాల్లో బొమ్మ ఒకరిది, పేరు ఇంకొకరిది అన్నట్టుండదు. ముళ్లపూడి వెంకటరమణ సృష్టించిన బుడుగు బొమ్మలో అల్లరి, ఆ పేరు రాసిన గీత అల్లరి ఒకే చేతివి. ఆయన చేతిరాత ఆధారంగా కంప్యూటర్ ఫాంట్లు వచ్చాక పెళ్లి శుభలేఖలు, హాస్య కథల శీర్షికలు, కార్టూన్లు ఆ వంపు తొడుక్కున్నాయి.

సినిమా గోడ పోస్టర్లలోనూ ఇదే చూశాం. బాపు తీసిన 'సాక్షి' (1967) నుంచి తెలుగు సినిమాకు పబ్లిసిటీ డిజైనర్‌గా పనిచేసిన ఈశ్వర్ లాంటివారు సినిమా పేరును చేత్తో రాశారు. భక్తి చిత్రానికి ఒక రాత, హాస్య చిత్రానికి మరో రాత. పేరు చూడగానే లోపల ఏముందో ప్రేక్షకుడికి అందాలి. అదే పోస్టర్ కింద నటీనటుల పేర్లు, థియేటర్ పేర్లు తేలిగ్గా చదవగలిగే తీరులో ఉండేవి. పిలుపూ సంగతీ ఎలా పంచుకోవాలో మన గోడలు ఎప్పుడో చూపించాయి.

బాపు తీరు అక్షరం వాడేముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ అక్షరం ఒంటరిగా రాదు. చూసినవాళ్లకు బాపు బొమ్మ, రమణ మాట, కోనసీమ గాలి, ఇంటింటి నవ్వు అన్నీ వెంట వస్తాయి. మీ అబ్బాయి పెళ్లి శుభలేఖకు ఆ జ్ఞాపకాలు శోభ. చీటీల కంపెనీ షరతుల కాగితానికి ఆ నవ్వు సరిపోదు. డబ్బు దగ్గర జనం నవ్వు కంటే స్పష్టత కోరుకుంటారు. ఏ ఫాంట్ ఎంచుకున్నా అది ఏ జ్ఞాపకాన్ని వెంట తెస్తుందో ఆలోచించండి.

తెలుగు లిపి అడిగే జాగ్రత్తలు

ఇంగ్లిష్ అక్షరాలు పక్కపక్కన నడుస్తాయి. తెలుగు అక్షరం అంతస్తులుగా నిలబడుతుంది. పైన తలకట్టు, గుడి, ఎత్వం. నడుమ అసలు అక్షరం. కింద ఒత్తులు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. అందువల్ల ఇంగ్లిష్‌లో బాగా కుదిరిన గంతులాట తెలుగులో కొన్ని ఇబ్బందులు తెస్తుంది.

మొదటిది, వరుసల మధ్య దూరం. 'రాష్ట్రం' కింద 'స్త్రీ' వస్తే పై మాట ఒత్తు, కింది మాట గుడిదీర్ఘం గుద్దుకుంటాయి. అక్షరాలు పైకీ కిందికీ ఊగే ఫాంట్‌లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. శీర్షిక రెండు వరుసల్లో ఉంటే అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు వరుస దూరం పెట్టి చూడండి. ఇంకా తగులుతుంటే మాటల విరుపు మార్చి, ఒత్తు ఉన్న మాటను కింది వరుసకు దించండి.

రెండోది, పోలికలు. ప–వ, ద–ధ, బ–భ, డ–ఢ, మ–య లాంటి జంటలకు తేడా చిన్న గీతలోనో, చిన్న సందులోనో ఉంటుంది. లావైన అక్షరంలో ఆ సందు పూడిపోతుంది. దాని చుట్టూ మందమైన అంచు, వెనక నీడ కూడా వేస్తే మరీను. ఫ్లెక్సీ మీద దూరం నుంచి 'పాలు' ఏదో 'వాలు' ఏదో తెలియదు. అల్లరి అక్షరానికి ఇక అలంకారం అక్కర్లేదు. అంచు, నీడ, మెరుపు మూడింటిలో ఒకటి చాలు. ఒకటీ లేకపోతే మరీ మంచిది.

మూడోది, ఒత్తులు విడిపోవడం. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు తెలుగును సరిగ్గా పేర్చవు. 'లక్ష్మి' బదులు పొల్లులతో ముక్కలైన మాట తెర మీద కనిపిస్తుంది. అడోబీ సాఫ్ట్‌వేర్లలో 'వరల్డ్-రెడీ' అన్న ఎంపిక ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే ఒత్తులు తమ చోట కూర్చుంటాయి. అక్షరాల మధ్య దూరం పెంచే మీటను తెలుగుకు వాడకండి. కొన్ని యాప్‌లలో ఒత్తు అక్షరాన్ని వదిలి పక్కకు జరిగిపోతుంది.

నాలుగోది, నిలువు రాత. బోర్డు సన్నగా ఉందని అక్షరాలను ఒకదాని కింద ఒకటి పేర్చాల్సి వస్తే, పలికే ముక్కల ప్రకారం విడదీయండి. 'స్వాగతం' అంటే 'స్వా', 'గ', 'తం'. ఒత్తును దాని అక్షరం నుంచి ఎప్పుడూ విడదీయకూడదు.

ఈ జాగ్రత్తలకు తేలికైన పరీక్ష ఉంది. ఫాంట్ నచ్చగానే మీ మాట కంటే ముందు కొన్ని కష్టమైన మాటలు కొట్టి చూడండి. 'స్త్రీ', 'జ్యోత్స్న', 'కృష్ణ', 'లక్ష్మి', 'వైద్యం', 'రాష్ట్రం', 'అన్నపూర్ణ'. ఈ ఏడూ సరిగ్గా వస్తే ఆ ఫాంట్‌ను చాలావరకు నమ్మవచ్చు.

ఏ ఫాంట్ తీసుకోవాలి?

డబ్బు పెట్టకుండా, న్యాయంగా వాడుకోగల తెలుగు ఫాంట్లు ఈ రోజు మంచివే ఉన్నాయి. ముంబైకి చెందిన ఎక్ టైప్ బృందం గీసిన 'బాలూ' కుటుంబంలో తెలుగు తోబుట్టువు 'బాలూ తమ్ముడు'. ఒకే రూపాన్ని దేశంలోని తొమ్మిది లిపుల్లోకి తీసుకెళ్లి, చాలా భాషల ఫాంట్లకు ఆ భాషలో అన్ననో తమ్ముణ్నో పిలిచే మాటే పేరుగా పెట్టారు. తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, పంజాబీకి పాజీ. బొద్దుగా, గుండ్రంగా, స్నేహంగా ఉంటుంది. కొత్త రూపమైన 'బాలూ తమ్ముడు 2'లో మామూలు నుంచి బాగా లావు వరకు ఐదు మందాలున్నాయి. పిల్లల పుస్తకాల శీర్షికలకు, ఆట వస్తువుల డబ్బాలకు, తినుబండారాల పేర్లకు చక్కగా కుదురుతుంది.

అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వాటిలో 'లక్కిరెడ్డి'కి చేతిరాత పోలిక ఉంటుంది, 'ధూర్జటి' శీర్షికలకు, పోస్టర్లకు, శుభలేఖలకు పనికొస్తుంది. వీటికి జతగా సంగతి చెప్పడానికి 'మండలి' గానీ 'నోటో సాన్స్ తెలుగు' గానీ తీసుకోండి. ఒక కాగితానికి ఒక అల్లరి ఫాంట్, ఒక మామూలు ఫాంట్ సరిపోతాయి. అల్లరివి రెండు పక్కపక్కన పెడితే ఒకదాని మాట ఒకటి మింగేస్తుంది.

ఈ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద విడుదలయ్యాయి. బోర్డుకు, పొట్లానికి, పుస్తకానికి, లోగోకు రుసుము లేకుండా వాడుకోవచ్చు. ఫాంట్ ఫైలును మాత్రమే విడిగా అమ్మకూడదు. ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన ఫాంట్ మీద 'వ్యక్తిగత వాడకానికి మాత్రమే' అని ఉంటే వ్యాపారానికి వాడేముందు లైసెన్స్ కొనండి. అక్షరం గీసినవాళ్లకూ కుటుంబం ఉంటుంది, నెలల కొద్దీ చేసిన పనికి ఫలితం అందాలి.

ఇంకో సలహా. డీటీపీ సెంటర్లలో అను లాంటి పాత పద్ధతి ఫాంట్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. అచ్చుకు ఇబ్బంది లేదు. ఆ మాటలను కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అర్థం కాని గుర్తులు వస్తాయి, వెతికితే దొరకవు. ఫోన్లో కూడా తిరగాల్సిన సమాచారమైతే యూనికోడ్ ఫాంట్‌లోనే చేయించండి.

ఎక్కడ పిలవాలి, ఎక్కడ ఆగాలి

టిఫిన్ సెంటర్ బోర్డు: పేరు అల్లరిగా రాయండి. ఇడ్లీ, పెసరట్టు ధరల పట్టిక మామూలుగా. బోర్డులు చేసేవాళ్లు పాటించే లెక్క ఒకటుంది. పది అడుగుల దూరానికి కనీసం ఒక అంగుళం ఎత్తు అక్షరం. అరవై అడుగుల రోడ్డు అవతలి నుంచి కనబడాలంటే ఆరు అంగుళాలు. తెలుగులో ఈ ఎత్తును ఒత్తులు, గుడులు వదిలేసి నడుమ అక్షరానికి కొలవండి.

పచ్చడి సీసా లేబులు: 'గోంగూర' అన్న మాట నోరూరేలా ఎగరనివ్వండి. దినుసుల జాబితా, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు మామూలు అక్షరంలో, తెల్లటి నేల మీద నల్లగా ఉండాలి. వేరుశనగ పడనివాళ్లు ఆ చిన్న అక్షరాలను నమ్మి కొంటారు.

బారసాల, పుట్టినరోజు పిలుపు: పాప పేరు అల్లరి అక్షరానికి అన్నిటికంటే తగిన చోటు. రోజు, వేళ, చిరునామా సాదాగా.

తరగతి గది: 'మన చదువుల మూల', 'ఈ వారం మాట' లాంటి శీర్షికలు సరదాగా. అక్షరాలు నేర్చుకునే పట్టికలో మాత్రం ప్రతి అక్షరమూ నిండుగా, స్పష్టంగా ఉండాలి. పిల్లలు ఏ రూపం చూస్తే ఆ రూపమే దిద్దుతారు. మెలిక తిరిగిన కొమ్మును మొదటి పాఠంలోనే ఇస్తే అసలు కొమ్ము ఏదో వాళ్లకు తెలియదు.

యూట్యూబ్ థంబ్‌నెయిల్: ఫోన్ తెర మీద అది బొటనవేలంత కనిపిస్తుంది. మూడు మాటలకు మించకండి. నాలుగో మాట ఎవరికీ కనబడదు.

కొన్ని చోట్ల పూర్తిగా ఆగాలి. మందుల వివరాలు, కరెంటు ప్రమాదం హెచ్చరికలు, పరీక్షల టైంటేబుల్, ఒప్పంద పత్రాలు, ఉద్యోగ దరఖాస్తు. అన్నిటికంటే ముందు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, పెద్దకర్మ కార్డు. దుఃఖంలో ఉన్నవాళ్ల ఇంటి ముందు గంతులేసే అక్షరం పెడితే, ఆ కుటుంబం ఏమీ అనకపోయినా నొచ్చుకుంటుంది. అక్కడ అక్షరం కూడా తలవంచుకుని నిలబడాలి.

భయమూ, అతీ

ఈ పుస్తకం వ్యక్తిత్వం గురించి కదా, ఇందులో ఫాంట్ల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. నేను గమనించినంతలో అక్షరాల విషయంలో మనుషులు రెండు రకాలుగా తడబడతారు. కొందరు సరదాగా కనబడితే తమను తేలిగ్గా తీసుకుంటారేమోనని భయపడి, పిల్లల ఆటల పోటీ కరపత్రాన్ని కూడా టెండర్ నోటీసులా తయారుచేస్తారు. ఇంకొందరు అందరి దృష్టీ తమ మీదే ఉండాలన్న ఆత్రంలో ప్రతి మాటనూ ఎగిరిస్తారు. పైకి ఈ రెండూ వేరుగా కనిపిస్తాయి. రెండింటి మూలం ఒకటే. ఇద్దరూ తమ గురించే ఆలోచిస్తున్నారు, చదివేవాళ్ల గురించి ఆలోచించడం లేదు.

చదివేవాళ్ల వైపు తిరిగి చూడగానే రెండు తడబాట్లూ సర్దుకుంటాయి. ఆటల పోటీ కాగితం చూసేది ఎనిమిదేళ్ల పిల్ల. ఆ పిల్లకు ఆట కనబడాలి, కాబట్టి ధైర్యంగా ఆడండి. అదే కాగితంలో వేళ, చోటు చదివేది ఆ పిల్ల నాయనమ్మ. ఆమె కళ్లజోడు వెతుక్కోకుండా చదవగలగాలి, కాబట్టి అక్కడ నిలకడగా ఉండండి. సందర్భాన్ని బట్టి గొంతు మార్చుకోవడం ఎదుటివాళ్లకు మనమిచ్చే మర్యాద. మీటింగులో, ఇంట్లో, పెళ్లిలో మాట్లాడేటప్పుడు నేర్చుకోవాల్సిన మర్యాద కూడా ఇదే. అక్షరాల దగ్గర సాధన తేలిక, ఎందుకంటే కాగితాన్ని పంపేముందు దిద్దుకోవచ్చు.

పంపేముందు ఐదు పరీక్షలు

1. చేయి చాపు పరీక్ష: ఫోన్‌ను చేయి చాపినంత దూరం పెట్టి చూడండి. పిలుపు మాట ఒక్కసారికే అందాలి.

2. గొంతు పరీక్ష: శీర్షికను ఆ అక్షరం ఎలా పలుకుతుందో అలా పైకి చదవండి. సందర్భానికి ఆ గొంతు సరిపోతుందా?

3. కొత్త కన్ను పరీక్ష: ఇంట్లో ఈ సంగతి తెలియని పెద్దవాళ్లకు ఇచ్చి, ఎప్పుడు, ఎక్కడ అని అడగండి. తడుముకుంటే సంగతి అక్షరాన్ని పెద్దది చేయండి.

4. నలుపు–తెలుపు పరీక్ష: రంగులన్నీ తీసేసి జిరాక్స్ తీయండి. ఇంకా ఆకర్షణ మిగిలితే అక్షరం బాగుంది. మిగలకపోతే ఇప్పటిదాకా రంగు దాన్ని మోసింది.

5. తీసివేత పరీక్ష: అల్లరి ఫాంట్‌లో ఉన్న మాటల్లో ఒకదాన్ని మామూలు ఫాంట్‌లోకి మార్చండి. కాగితం మెరుగుపడితే ఇంకొకటి మార్చండి. మార్చిన మాటతో పిలుపు చప్పబడిన చోట ఆగండి.

ఈ వారం సాధన

మొదటి రోజు మీ బజారులో నడుస్తూ పది బోర్డులు చూడండి. ఒక్కోదానిలో ఏది పిలుస్తోంది, ఏది చెబుతోంది అని మనసులో విడదీయండి. చేత్తో రాసిన పాత బోర్డు కనిపిస్తే కాసేపు నిలబడండి. కుంచె ఎక్కడ మొదలై ఎక్కడ లేచిందో గీత చెబుతుంది.

రెండో రోజు లావు స్కెచ్ పెన్ తీసుకుని మీ ఇంటిపేరును ఐదు రకాలుగా రాయండి. కోపంగా, నవ్వుతూ, నిద్రమత్తులో, పరుగెడుతూ, పెద్దరికంగా. అందంగా రాలేదని ఆగకండి. గీత మారితే గొంతు ఎలా మారుతుందో మీ చేతికి తెలియాలి. ఇది తెలిసినవాళ్లకు ఫాంట్ ఎంపిక చాలా తేలికవుతుంది.

మూడో రోజు ఇంతకుముందు మీరు చేసిన ఒక పిలుపో, పోస్టరో, లేబులో బయటికి తీయండి. మాటలన్నిటికీ 'పిలుపు', 'సంగతి' గుర్తులు పెట్టండి. ఒక అల్లరి ఫాంట్, ఒక మామూలు ఫాంట్‌తో మళ్లీ చేసి, ఐదు పరీక్షలూ పెట్టండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఇంట్లోవాళ్ల చేత చదివించండి.

తరవాత మీకోసం కాకుండా మరొకరి కోసం ఒక పని చేయండి. మీ వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నాయనకు, ఇంట్లో పిండివంటలు చేసి అమ్మే ఆవిడకు, అట్టముక్క మీద బాల్‌పెన్‌తో రాసిన పేరే బోర్డు. ఆ పేరును ఎగిరే అక్షరంలో, ధరలను నిలకడైన అక్షరంలో చేసి ఇవ్వండి. డబ్బు ఖర్చు పెద్దగా ఉండదు, ఒక సాయంత్రం పడుతుంది. ఆ బోర్డు చూసి ఒక కొత్త మనిషి ఆగి, ధర చదువుకుని, బట్టలు ఇస్త్రీకి ఇచ్చిన రోజునో జంతికలు కొన్న రోజునో మీరు నేర్చుకున్నది పనికొచ్చినట్టు.